ఉలవలు ఆరబోసిన సైకిల్ దారి

నేను ఒక రోడ్డును అంటే తోటి రోడ్లు నవ్వుతాయేమో. నా మీద లారీ ఎక్కదు, బస్సు ఆగదు, ఎన్నికల ఊరేగింపూ నడవదు. తెల్లగెడ్డ పక్కన జిల్లా వాళ్లు పెంచిన పార్కులో, సైకిళ్ల కోసమే వేసిన సన్నటి దారిని. గెడ్డ అంటే మా ఉత్తరాంధ్రలో వాగు. అది ఎటు తిరిగితే నేనూ అటే తిరుగుతాను. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క జీడిమామిడి తోట, దూరంగా కొండలు. చూడ్డానికి బావుంటానని అందరూ అంటారు. నన్ను నేను చూసుకునే యోగం లేదు కనక వాళ్ల మాటే నమ్ముతున్నాను.

వేసినప్పుడు నల్లగానే ఉండేదాన్ని. ప్రారంభోత్సవానికి పెద్దమనిషెవరో వస్తున్నారని హడావిడిగా ముదురు ఎర్రరంగు పూశారు. విదేశాల్లో సైకిల్ దారులు ఇలాగే ఉంటాయట. ఆయన రిబ్బను కత్తిరించి, సైకిలెక్కి, ఫొటో తీయించుకుని, దిగి కారెక్కి వెళ్లిపోయారు. రంగు మాత్రం నాకు మిగిలింది.

ఆదివారాలు పట్నం జనం కార్ల మీద సైకిళ్లు కట్టుకుని వస్తారు. నాలుగు చెమట చుక్కలు రాల్చి, గేటు దగ్గర ఇడ్లీలు లాగించి, వచ్చినప్పటి కన్నా కాస్త బరువుగానే తిరిగి వెళతారు. వాళ్లంటే నాకు కోపమేం లేదు. కానీ నా ప్రాణమంతా భార్గవి మీదే. ఇంటర్ చదివే పిల్ల. తండ్రి ఆటో నడుపుతాడు. రోజూ తెల్లారగానే వచ్చి, గేటు నుంచి ఎత్తెక్కి, అక్కణ్నుంచి మలుపు దాకా బ్రేకు ముట్టకుండా వాలులో దిగేది. రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయి. వయసు లెక్కన ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం. ఆ చక్రాలు నా మీద పరిగెడుతుంటే, ఎక్కడికీ కదలని నాకు కూడా ఎక్కడికో పోతున్నట్టుండేది.

నాకు కావలసిన ఇంకో మనిషి అసిరమ్మ. ఆమె ఇల్లు మలుపు పక్కనే. నేను రాకముందు ఇక్కడ ఆమె పంట నూర్చుకునే కళ్లం ఉండేది. అది పోయినా ఆమె ఎవరితోనూ దెబ్బలాడలేదు. కోసి తెచ్చిన ఉలవ మొక్కల్ని తీసుకొచ్చి చక్కగా నా మీదే పరిచింది. మా వైపు అది మామూలే. వచ్చేపోయే బళ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. లారీలు చేసే పని ఈ సన్నటి టైర్లు చేస్తాయనుకోవడమే ఆమె పొరపాటు.

"ఇవేటి బళ్లు బాబూ? పిచిక నడిచినట్టుంది. కాసింత గట్టిగా తొక్కండి!" అని ఆదివారం పెద్దమనుషుల మీద కేకలేసేది.

భార్గవి బెల్లు వినబడితే మాత్రం కాలితో మొక్కల్ని పక్కకి నెట్టి దారిచ్చేది. "ఎల్లు తల్లీ, ఎల్లు. నువ్వు గెలిస్తే నాకేటెడతావు?"

"ఏం కావాలి మామ్మా?"

"ఓపాలి ఆ బండెక్కించు, సాలు."

ఒక ఉదయం మంచు బాగా కురిసింది. మొక్కలు మెత్తబడ్డాయి. ఎప్పుడూ పరిచేచోట చెట్ల నీడ. మలుపులో ఎండ ముందే పడుతుందని అసిరమ్మ వాటిని అక్కడికి మార్చింది. భార్గవి అప్పటికే వచ్చి వెళ్లిపోయింది కనక ఆమెకు భయం లేదు. మొక్కలు ఎండాక కర్రతో కొట్టి, చెత్తంతా తీసి గట్టున పడేసి, గోనెసంచి తెచ్చుకుందామని ఇంట్లోకి వెళ్లింది. గింజలు నా మీద ఉన్నాయి. నా రంగూ ఉలవల రంగూ ఒకటే.

పోటీ దగ్గరపడిందని భార్గవి ఆ రోజు రెండోసారి వచ్చింది. పైనుంచి దిగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆగమనడానికి నోరు లేదు. ముందే ఒక గొయ్యి పడి ఉంటే ఆ పిల్ల బ్రేకైనా వేసేది, అదీ లేదు. ఇంత నున్నగా ఎందుకు వేశాడని నన్ను వేసిన కాంట్రాక్టరును తిట్టుకున్నాను. చక్రం జారింది. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. పిల్ల వచ్చి నా మీదే పడింది, అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అసిరమ్మ పరిగెత్తుకొచ్చి పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. పార్కు సూపర్‌వైజరు వచ్చాడు.

"ఎవరు పోశారీ ఉలవలు? నీవేనా ముసల్దానా? కేసు పెట్టిస్తాను!"

అసిరమ్మ నోరు తెరిచేలోగా భార్గవి పళ్లు బిగబట్టి అంది: "మామ్మవి కావు సార్. ఏదో బండిలోంచి కారిపోయుంటాయి. నేనే చూసుకోలేదు."

నా మీదకి సరుకు బండేదీ రాదని ముగ్గురికీ తెలుసు. సూపర్‌వైజరు కేసు మాట వదిలేసి అంబులెన్సుకి ఫోను చేశాడు.

పోటీలు జరిగిపోయాయి. కట్టు విప్పేసరికి ఎండలు ముదిరాయి. అసిరమ్మ ఉలవలు మళ్లీ నా మీదకి తేలేదు. రోజూ తెల్లారకుండానే చీపురు పట్టుకొచ్చి మలుపంతా తుడుస్తుంది. ఆకును కూడా ఉండనివ్వదు. ఆ తర్వాత గట్టున కూర్చుని ఎత్తు వైపు చూస్తుంది.

"కోపం పోనేదు ఆ పిల్లకి. ఏ మొగమెట్టుకుని రమ్మనీది?" అని తనలో తనే అనుకుంటుంది.

భార్గవి వస్తూనే ఉంది. గేటు దగ్గర ముందు చక్రం నా మీద పెట్టి ఆగిపోతుంది. రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని వదలదు. నిన్న తండ్రి కూడా వచ్చాడు.

"వద్దమ్మా, ఈ రోడ్డొద్దు. ఆ ముసల్ది మళ్లీ పోసే ఉంటాది."

"మామ్మనేం అనకు నాన్నా. పోసుకోనీ, పాపం, ఆమెకి ఇంకెక్కడుంది చోటు?" అని సైకిలు వెనక్కి తిప్పుకుంది.

ఇద్దరూ నా మీదే ఉన్నారు. మధ్యలో ఉన్నదంతా నేనే. గింజ లేదని ఆ పిల్లకి, కోపం లేదని ఈమెకి చెబితే చాలు. ఇంత పొడుగున పడి ఉన్నాను, ఒక్క మాట మోయలేను. ఇవాళ కూడా గేటు దగ్గర చక్రం నా మీదకెక్కి ఆగింది. ఇక్కడ మలుపులో అసిరమ్మ తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.