ఉల్లిపొట్టు రంగు దుప్పట్లు

ఇంటికి బూడిదరంగు వేయించింది నేనే. ఆ తప్పు ఇంకెవరి నెత్తినా రుద్దను. రేవు పక్కనే ఉన్న మా ప్లాయా ఆంచా కొండమీద ఉప్పుగాలికి జింకు రేకులు ఏడాది తిరక్కుండానే తుప్పు పడతాయి. మా ఇంటి గోడలన్నీ ఆ రేకులే. వానలు ముంచుకొస్తున్నాయి. అల్లుడు ఎరాస్మో నౌకాదళం ఓడలో దక్షిణాన మంచు సముద్రానికి వెళ్ళి నాలుగు నెలలైంది. కూతురు నోయెలియాకు ఆసుపత్రి డ్యూటీ తప్ప ఇంకో లోకం లేదు. ఇక ఇల్లు చూసుకోవలసింది నేనే కదా.

పక్కింటి వెన్సెస్లావో ఓడల మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైనవాడు. "దోన్యా రుఫీనా, నా దగ్గర నాలుగు డబ్బాల రంగు మూలుగుతోంది, వాడేసుకోండి" అన్నాడు. ఊరికే వచ్చినదాన్ని వద్దనే అలవాటు నాకు లేదు. ఇద్దరం కలిసి మూడు రోజుల్లో వెలిసిపోయిన పసుపు మీద బూడిదరంగు పూసేశాం. ఇల్లు కడిగిన గిన్నెలా నిగనిగలాడింది. నడుం విరిగింది గానీ, నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

ఆ ముచ్చట మధ్యాహ్నం దాకానే. స్నేహితురాలి ఇంట్లో మూడు రోజులు ఉండి వచ్చిన మనవరాలు రెనాతా వీధి మలుపులోనే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఏడవలేదు, అరవలేదు. సంచీ నేలమీద పెట్టి, ఇంటిని కింది నుంచి పైదాకా చూసి అంది:

"అమ్మమ్మా, ఇప్పుడు నాన్నకి మనిల్లు ఎలా కనబడుతుంది?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎరాస్మో వెళ్ళేటప్పుడల్లా పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పే మాట అది. "ఓడ మలుపు తిరగగానే ముందు లైట్‌హౌస్ కనబడుద్ది. తర్వాత బడి గోడ. దాని పక్కనే మన పసుపు ఇల్లు. అది కనబడిందంటే ఇంటికొచ్చేసినట్టే." తిరిగొచ్చాక, "బాల్కనీలో ఎర్ర స్వెటరేసుకుని చెయ్యూపింది నువ్వే కదూ?" అనేవాడు. ప్రతిసారీ అది నిజమే అయ్యేది. పిల్ల గాలిలో తేలిపోయేది.

"బూడిదరంగయితే ఏమైందే, ఇల్లు అక్కడే ఉందిగా" అన్నాను.

"పొగమంచూ బూడిదరంగే, సముద్రమూ బూడిదరంగే, ఓడ కూడా బూడిదరంగే. నాన్న వెతుక్కుంటాడు. దొరకదు. మనం లేమనుకుంటాడు" అంది. సంచీ తీసుకుని లోపలికి పోయింది.

ఓడ రావడానికి ఇంకా రెండు వారాలుంది, ఈలోగా ఎలాగో పసుపు రంగు తెచ్చి పూద్దామనుకున్నాను. సాయంత్రం నోయెలియా వచ్చి ఆ ఆశ కూడా తీసేసింది. పని ముందే అయిపోయిందట, ఓడ ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తోందట. ఎల్లుండికి ఇల్లంతా రంగు మార్చడం నావల్ల కాదు, వెన్సెస్లావో తాతవల్లా కాదు. పచ్చిగా ఉన్న రంగుమీద ఇంకో రంగు నిలవదు కూడాను.

రంగు వేయలేకపోతే గుడ్డ కట్టాలి. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినదాన్ని, నాకు తోచే ఉపాయం అదే. ఇంట్లో తెల్ల దుప్పట్లు తొమ్మిదున్నాయి. ఉల్లిపొట్టు ఉడకబెట్టి, కాస్త పటిక వేసి ముంచితే బంగారంలాంటి పసుపు వస్తుంది. అంత పొట్టు ఎక్కడిది? కింది మలుపులో మాంసం, ఉల్లిపాయ కూరిన ఎంపనాదాలు చేసి అమ్మే ఒలెగారియా రోజుకో బస్తా ఉల్లిపాయలు తరుగుతుంది. రెనాతాని పంపాను.

ఒలెగారియా గొంతు మెట్ల కింద నుంచే వినబడింది. "ఏమే రుఫీనా, అల్లుడికి ఉల్లిపొట్టు కూర పెడతావా ఏంటి?"

"నీ ఎంపనాదాల కన్నా అదే రుచిగా ఉంటుందిలే, పంపించు!"

పారేయకుండా పోగేసినదట, రెండు బస్తాల పొట్టు పంపింది. ఇంకో బస్తా ఉందంటే మర్నాడు రెనాతా మళ్ళీ పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం పెద్ద గిన్నెలో మొదటి దుప్పటి కలియబెడుతుంటే నోయెలియా పక్కకొచ్చి నిలబడింది. గరిటె నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, ఇదంతా దండగ."

"దండగేంటే? పిల్ల ముఖం చూశావా?"

"ఆయన చూడడమ్మా. ఎప్పుడూ చూళ్ళేదు. ఇంజను గది నీళ్ళకి కింద ఉంటుంది, కిటికీ కూడా ఉండదు. ఓడ రేవులోకొచ్చేటప్పుడు ఇంజనువాళ్ళందరూ అక్కడే ఉండాలి, ఒక్కడు కూడా కదలకూడదు. పన్నెండేళ్ళ సర్వీసులో ఈ కొండని సముద్రం మీంచి ఒక్కసారి కూడా చూళ్ళేదాయన."

"మరి ఎర్ర స్వెటరు?"

"నేనే మెసేజ్ పెడతా. ఏ రంగు వేసుకుందో, జడలెన్ని వేశానో."

నేను రొట్టెలు కాల్చుకునేవాడి పెళ్ళాన్ని. చియ్యాన్ వైపు పొలాల మధ్య బతికినదాన్ని. పిండి గురించి అడిగితే చెబుతాను గానీ ఓడలో ఎవడెక్కడ నిలబడతాడో నాకేం తెలుసు? ఒళ్ళు మండింది. "అబద్ధాలకోరు వెధవ" అన్నాను అల్లుణ్ణి. నోయెలియా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "కిందెక్కడో చీకట్లో ఉన్నానని పిల్లకి చెప్పలేక మొదలెట్టాడమ్మా. తర్వాత ఆపలేకపోయాడు."

అంతలో రెనాతా బస్తాతో వచ్చింది. మెడదాకా పొట్టు, జుట్టులో పొట్టు. చేతులు రెండూ గిన్నెలో ముంచి, మోచేతులదాకా పసుపు చేసుకుని, "ఇంకా ముదురు రంగు రావాలి అమ్మమ్మా, నాన్నకి దూరంగా ఉంటుంది కదా" అంది. పటిక ఇంకో పిడికెడు వేశాను.

వచ్చేరోజు పొద్దున నోయెలియా రేవుకి వెళ్ళిపోయింది. అందరి పెళ్ళాలూ అక్కడే నిలబడతారు. రెనాతా మాత్రం ముందు బాల్కనీలో చెయ్యూపితేగానీ కదలదు. తొమ్మిది దుప్పట్లూ గోడ పొడవునా కట్టాం, క్లిప్పులు పెట్టాం, మేకులు కొట్టాం. పదింటిదాకా పొగమంచు ముక్కుమీదే కూచుంది. తర్వాత గాలి లేచింది. మంచు తొలగింది గానీ మధ్య దుప్పటి ఊడి, ఒలెగారియా ఇంటి కప్పు దాటి ఎగిరిపోయింది.

సరిగ్గా అప్పుడే ఓడ మలుపు తిరిగింది.

"అమ్మమ్మా, మధ్యలో ఖాళీ కనబడుతోంది! ఇల్లు రెండు ముక్కలయిపోయింది!"

చూసేవాడెవడూ లేడని నాకు తెలుసు. తెలిసీ నిచ్చెనెక్కాను. అరవైయెనిమిదేళ్ళ ముసలిదాన్ని, మోకాళ్ళు తిట్టుకుంటున్నా ఎక్కాను. ఖాళీలో కట్టడానికి ఏమీ దొరకలేదు. నా గౌను లోపల వేసుకున్న పాత ఫ్లానెల్ లంగా ఆవపసుపు రంగు. కొండంతా చూస్తే చూడనీ అని విప్పి, దాని అంచు లేసు పట్టుకుని రేకుమీంచి వేలాడదీశాను. గాలికి ఎగిరిపోకుండా కప్పు చివర దాని పై అంచుమీద కూచున్నాను.

ఓడ మెల్లగా ముందునుంచి పోయింది. డెక్కుమీద తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు మనుషులు.

"అదుగో నాన్న! ముందునుంచి మూడోవాడు!" అని అరిచింది రెనాతా. ఆ మూడోవాడెవడో గాని, వాడికే రెండు చేతులూ ఊపింది గొంతు బొంగురుపోయేదాకా. పైన కూచుని నేనూ ఊపాను. ఆ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఎరాస్మో నోయెలియాతో కలిసి మెట్లెక్కి వచ్చాడు. పిల్ల మెడకి వేలాడింది. మంచుగాలికి అతని ముఖం పొక్కిపోయి ఉంది. నూనె వాసన ఎప్పటిలాగే ఉంది.

"కనబడిందా నాన్నా?"

ఇక ఎర్ర స్వెటరు మాట వస్తుందనుకుని నేను వంటింటివైపు తిరిగాను.

"ఎనిమిది దుప్పట్లు. మధ్యలో ఒక ఖాళీ. ఖాళీలో లేసు ఉన్న లంగా. దాని మీద మీ అమ్మమ్మ" అన్నాడు ఎరాస్మో. "అత్తయ్యా, ఆ గాలికి పడిపోతే ఏం గతి?"

నేను నోయెలియా వైపు చూశాను. నోయెలియా నా వైపు చూసింది, నోరు తెరిచి. లంగా సంగతి రేవులో ఉన్న దానికి తెలిసే వీలే లేదు. తలడ్డంగా ఊపింది. తను చెప్పలేదు.

రెనాతా గెంతుకుంటూ దుప్పట్లు తీయడానికి బయటికి పోయింది. అల్లుడు మెట్టుమీద కూలబడ్డాడు.

"ప్రతిసారీ నేను కింద నుంచి ఫోను చేసి పైవాళ్ళనడుగుతానత్తయ్యా, మా పసుపిల్లు కనబడుతోందా అని. కనబడుతోంది సార్జెంట్ అంటారు. ఇవాళ పైనుంచి వాళ్ళే చేశారు. 'సార్జెంట్, మీ ఇల్లు లేదక్కడ' అన్నారు. తర్వాత, 'ఆగండాగండి, బూడిదరంగు ఇంటిమీద పసుపు దుప్పట్లున్నాయి, ఒక ముసలావిడ కప్పెక్కి లంగా విప్పుతోంది' అన్నారు. ఇంజను గదిలో మా పెద్దాయన నా ముఖం చూసి, 'పో, రెండు నిమిషాలు నేను చూసుకుంటా' అన్నాడు. నూనె బట్టలతోనే నిచ్చెనలెక్కి పరుగెత్తా."

ముఖం అరచేతుల్లో పెట్టుకున్నాడు. నోయెలియా వెళ్ళి అతని పక్కన ఆనుకుని కూచుంది. అబద్ధాలకోరు అన్నందుకు నాకు సిగ్గేసింది. తల నిమిరాను. అల్లుడి తల నిమరడం అదే మొదటిసారి.

రెనాతా చేతినిండా దుప్పట్లేసుకుని వచ్చి, తండ్రిని చూసి ఆగిపోయింది. పసుపు వేళ్ళతో అతని చెయ్యి తొలగించి ముఖంలోకి చూసింది.

"ఎప్పుడూ చూసేదే కదా నాన్నా, ఏడుస్తావేంటి?"

ఎరాస్మో ముక్కు తుడుచుకున్నాడు. పిల్లని, దుప్పట్లని కలిపి దగ్గరికి లాక్కున్నాడు.

"ఎప్పుడూ మీ అమ్మమ్మ లంగా ఉండదు కదే" అన్నాడు.