లైన్లో చెప్పులు

ఎల్లారెడ్డిలో ఎరువుల గోదాం ముందు ఆ ఉదయం మనుషుల కంటే ముందు చెప్పులు నిలబడ్డాయి. యూరియా లారీ వస్తుందని విన్న రైతులు మొదటి బస్సుకే వచ్చి, చెప్పులు విప్పి వరుసలో పెట్టి, గోడ నీడకు చేరారు. రబ్బరు చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, ఒకే జతలో రెండు రంగులవి. ఈ వరుసకు ఎవరూ రాయని కట్టుబాటు ఒకటుంది. చెప్పులున్నంత సేపు వంతు ఉంటుంది. చెప్పుల మనిషి కనబడకుండా పోతే వాటిని పక్కకు నెట్టేస్తారు.

రఫియా చెప్పుల వెనుక ఎంకవ్వ చెప్పులున్నాయి. ఇద్దరిదీ నాగిరెడ్డిపేట దగ్గర ఒకే ఊరు, పక్కపక్క పొలాలు. రఫియా భర్త ఉమర్ మస్కట్‌లో పనిచేస్తాడు. ఇక్కడ కౌలు పొలం ఆమే చూసుకుంటుంది. నాటేసిన వరి ఎరువు లేక పసుపు తిరుగుతోంది. కిందటిసారి వీళ్ల చెప్పులు షట్టర్ దాకా రాకముందే లారీ ఖాళీ అయింది. ఈసారి కూడా అట్లాగే అయితే చేను చేతికి రాదని ఇద్దరికీ తెలుసు.

గోదాం షట్టర్ సగం ఎత్తి ఉంది. దాని కింద మెట్టు మీద నీడ ఉందని ఎంకవ్వ కూర్చుంది. లారీ వచ్చిందని ఎవరో కేకేయగానే గబుక్కున లేచింది. షట్టర్ అంచు నెత్తికి తగిలింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

"అవ్వా, షట్టర్ సొట్టపోయిందేమో చూడు! పైసలు నువ్వే కట్టాలె!" అన్నాడు వాళ్ల వెనుక వంతులో ఉన్న ఆశన్న.

నలుగురు నవ్వారు. రఫియా పోయి అవ్వ వెంట్రుకలు పాయ తీసి చూసింది. రక్తం లేదు. చిన్న బొప్పి కట్టింది.

"దవాఖానకు పోదామా అవ్వా?"

"గింత దానికా? రక్తం గూడ రాలే. లైను పోతది బిడ్డా."

రఫియాకు కావలసిన జవాబూ అదే. ఇంకోసారి అడగలేదు. ఒక చాయ్ తెచ్చి తాగించింది.

వరుస కదిలింది. రఫియా వంగి రెండు జతలూ ముందుకు జరిపింది.

"బిడ్డా, నా చెప్పులు ఉన్నయా?" అంది ఎంకవ్వ.

"ఉన్నయ్ అవ్వా, నా యెనుకనే."

కాసేపటికి ఎంకవ్వ మళ్లీ అదే అడిగింది. రఫియా మళ్లీ చెప్పింది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. అక్కడ పొద్దుటి నుంచి అందరూ ఒకరినొకరు అడుగుతున్నది అదే. మూడోసారి అడిగినప్పుడు మాత్రం ఆశన్న ఊరుకోలేదు.

"అవ్వా, నీ చెప్పులేమన్న బంగారువియా? పోలీసోళ్లను కావలి పెట్టియ్యాల్నా?"

అందరితో పాటు రఫియా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. ఒక మాట అంటే రెండు అనే ఎంకవ్వ ఏమీ అనలేదు. రఫియా వరుసలోంచి అవ్వ చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"గివే కదా అవ్వా?"

"గివి ఎవరియి?" అంది ఎంకవ్వ.

ఆ చెప్పు తెగిన పట్టీకి పొద్దున బస్సులో పిన్నీసు పెట్టుకున్నది ఎంకవ్వే. రఫియా ఏదో అనబోయేలోగా అవ్వ తాగిన చాయంతా కక్కేసింది.

"ఎండకు అయింది, పండుకోవెట్టు," అన్నారొకరు. "దవాఖానకు పోతే దెబ్బెట్ల తాకిందని కేసు రాస్తరు," అన్నారింకొకరు. "సంచులు తీస్కున్నంక పోరాదు, దగ్గరకొచ్చింది కదా," అని మూడో గొంతు. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఎన్నో పొద్దులు నిలబడి అలసిపోయినవాళ్లు. ఆ మూడో మాట రఫియా మనసులోనూ ఉంది. ఆమె షట్టర్ వైపు చూసింది. చెప్పులు నిజంగానే దగ్గరికొచ్చాయి. తర్వాత ఎంకవ్వ వైపు చూసింది. అవ్వ కళ్లు మూతపడుతున్నాయి.

"అన్నా, మేం పోతున్నం," అంది ఆశన్నతో. "చెప్పులు గిక్కడనే ఉంటయి."

"మనిషి లేని చెప్పులు తియ్యాలె. అందరికి ఒకటే కాయిదా," అని వెనుక నుంచి కేక వచ్చింది.

ఆశన్న వెనక్కి తిరిగాడు. "ఆ చెప్పులు తీసేటోడు ముందుగాల నన్ను తియ్యాలె. నువ్వు పో చెల్లె. నేను జరుపుత."

ఎల్లారెడ్డి దవాఖానలో చూసి, స్కానింగ్ కోసం అంబులెన్సులో కామారెడ్డికి పంపారు. అక్కడ డాక్టర్ కృపాజ్యోతి అడిగిన మొదటి ప్రశ్న రఫియా అనుకోనిది.

"రక్తం పలచబడే మందులు వాడుతుందా?"

"లేదు డాక్టరమ్మా. గుండెకు స్టెంటు వేసిండ్రు. ఆ గోళీలే మింగుతది."

అవ్వ కొంగు ముడి విప్పి గోళీల పట్టీ చూపించింది. డాక్టర్ చూసి, "ఇవే అవి," అంది.

తలలోపల రక్తం కారడం మొదలైందని స్కానింగులో తేలింది. కొంచెమే. ఆ గోళీలు ఆపి, దవాఖానలోనే ఉంచి కనిపెట్టుకుని చూశారు. మర్నాడు మళ్లీ స్కానింగ్ తీస్తే పెరగలేదు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

ఆ మాట చెప్పడానికి వచ్చిన డాక్టర్ రఫియా కాళ్ల వైపు చూసింది. బురద ఎండి ఉంది.

"చెప్పులేవమ్మా?"

"ఎల్లారెడ్డిల, యూరియా లైన్ల ఉన్నయ్."

డాక్టర్ నవ్వలేదు. "చెప్పులు మీ బదులు లైన్లో నిలబడతాయి. దవాఖానకు మాత్రం మనిషే రావాలి," అంది. "బయటికి రాని రక్తం లోపల ఉండొచ్చు. అడిగిందే అడుగుతున్నా, వాంతి అయినా, మత్తుగా ఉన్నా, నొప్పి పెరుగుతున్నా ఆగొద్దు. ఈ గోళీలు మింగేవాళ్లయితే బాగున్నట్టు కనిపించినా తీసుకురావాలి. సంచి తీసుకుని వద్దామని మీరు ఆగి ఉంటే..." మంచం మీది ఎంకవ్వ వింటోందని చూసి అక్కడితో ఆపింది.

ఎంకవ్వ కోడలు సాయిలత వచ్చి అవ్వ దగ్గర కూర్చుంది. రఫియా బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, గోదాం దగ్గరికి నడిచింది. నిన్నటి లారీ మళ్లీ మధ్యలోనే ఖాళీ అయింది. ఆశన్నకూ సంచి దొరకలేదు. షట్టర్ ముందు మూడు జతలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. ఆయన పక్కనే చతికిలబడి ఉన్నాడు.

"అవ్వ ఎట్లున్నది?" అన్నాడు లేవకుండానే.

"షట్టర్ పైసలు ఆశన్ననే కట్టుమన్నది."

ఆశన్న నవ్వబోయి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే బతికింది," అన్నాడు.

రఫియా చెప్పులు తొడుక్కోలేదు. ఆ రోజు లారీ ఇంకా రాలేదు. వరుసలో ఉన్నవాళ్లు ఏమైందని చుట్టూ చేరారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. చివరికి ఇంకో మాట అంది.

"నెత్తికి దెబ్బ తాకితే రక్తం వచ్చిందా అని చూసి ఊకోకుండ్రి, మనిషి ఎప్పటిలెక్క ఉన్నదా అని చూడుండ్రి. అనుమానం ఉంటే దవాఖానకు పోండ్రి. చెప్పులు ఎవరియైన సరే, నేను జరుపుత."