అతికించిన నాలుగు పేజీలు

బార్లీ టీ చల్లారిపోతోంది. తక్ పెద్దగారు కప్పు ముట్టలేదు.

"సున్‌యే గారూ, సూటిగా అడుగుతాను. ఈ పాత కథలు చదివితే మన సంఘంలో ఎవరికేం ఒరిగింది?"

జోంజు పట్టణంలోని ఆ చర్చి కింది గదిలో ప్రతి గురువారం మధ్యాహ్నం తొమ్మిదిమంది ఆడవాళ్లు కూర్చుని ప్రాచీన కథలు చదువుతారు. విశ్వాసి కళ్లతో చదవడం వాళ్ల పద్ధతి. పాపం ఎక్కడుంది, కృప ఎక్కడుంది, ఈ మనుషుల్లో మనమెవరం అని చూస్తారు. పన్నెండేళ్లుగా ఆ బృందాన్ని నడిపిస్తున్నది అరవై దాటిన సున్‌యే. చర్చి గ్రంథాలయం తాళాలూ ఆమె దగ్గరే ఉంటాయి. ఆ రోజు సంఘ పెద్ద తక్ గారు వచ్చింది వినడానికి కాదు, తేల్చడానికి. ఆ పూట చదివే కథలో విశ్వాసికి పనికొచ్చేది ఒక్కటి చూపించలేకపోతే, పాత కథల బీరువా మొత్తం సోమవారం చిత్తుకాగితాల బండెక్కుతుంది. బీరువా పోతే బృందమూ పోయినట్టే.

చేతిలో ఉన్నది రేవు వితంతువు కథ. పడవల ఆసామి ఆమె భర్తను చంపిస్తాడు. తర్వాతి నాలుగు పేజీల మీద తెల్లకాగితం అతికించి ఉంది. ఐదో పేజీలో అదే ఆసామి ఆమె గుమ్మం ముందు మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు.

"చూశారా?" అన్నాడు పెద్దగారు. "హంతకుడు ఉన్నట్టుండి మారిపోయాడు. కారణమూ లేదు, పాడూ లేదు. దేవుడు లేని కథ ఇలాగే ఏడుస్తుంది."

"మధ్యలో పేజీలు మూసేశారు కదండీ," అంది హ్యోంజు. నలభై దాటినా బృందంలో ఆమే చిన్నది, నోరు మాత్రం పెద్దది. "కళ్లకు గంతలు కట్టుకుని దారి బాలేదంటే ఎలా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఊరికే మూస్తారా? కింద ఏ పూనకమో, భూతవైద్యమో ఉండుంటుంది," అన్నాడు పెద్దగారు.

సున్‌యే పుస్తకం తన వైపు జరుపుకుంది. ఆ కాగితం అతికించింది ఆమే. ముప్పై నాలుగేళ్ల కిందట, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఊపులో పుస్తకాలన్నీ తిరగేసి, మొక్కు అన్న మాట కనపడ్డ చోటల్లా బియ్యప్పిండి జిగురు పూసేసింది. అందుకు చర్చి ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది.

నోరు మూసుకుంటే బీరువా పోతుంది. తెరిస్తే, కింద నిజంగానే పూనకం ఉంటే, బీరువాతో పాటు పరువూ పోతుంది.

ఆమె లేచి కెటిల్ మళ్లీ మరిగించింది. మూత తీసి పుస్తకాన్ని ఆవిరికి పట్టింది.

"ఏం చేస్తున్నారు?"

"నేను చేసింది నేనే విప్పుతున్నాను. అతికించింది నేనే, పెద్దగారూ."

"నువ్వా, అక్కా!" అంది హ్యోంజు.

కాగితం మెల్లగా లేచింది. సున్‌యే పైకి చదివింది. భర్త పోయిన ఆ వితంతువు రోజూ తెల్లవారుజామున సోయా ఊరబెట్టే జాడీలుంచిన పెరటి అరుగు మీద గిన్నెడు మంచినీళ్లు పెట్టి, అరచేతులు రుద్దుకుంటూ మొక్కుతుంది. వంద రోజులు. ఈలోగా ఆసామి కొడుకు మశూచితో మంచం పడతాడు. అది ఆమె శాపమేనని, ఆమెను పట్టుకోవాలని, వందో రోజు ఆసామి కత్తితో గోడ చాటున పొంచి ఉంటాడు. ఆమె మొక్కు అతని చెవిన పడుతుంది: 'నా మనిషి ఎలాగూ రాడు. వాడి బిడ్డనైనా బతికించు.'



"నీళ్ల గిన్నెకు మొక్కు. నే చెప్పలా?" అన్నాడు పెద్దగారు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"చెప్పారు. ఎవరికి మొక్కుతోందో ఆమెకు తెలీదు. అది ఒప్పని నేనూ అనను. కానీ ఎవరి కోసం మొక్కుతోందో చూడండి."

"కాలేజీ ప్రవేశ పరీక్షలకు ముందు మనమూ వంద రోజులు తెల్లవారుజామున ప్రార్థన చేస్తాం కదండీ," అంది హ్యోంజు. "మా వాడి పేరు తప్ప ఇంకో పేరు నా నోట రాలేదు. పక్కింటి పిల్లాడికి రెండు మార్కులు తగ్గినా బాధ లేదనుకున్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దగారు నలభై ఏళ్లుగా ఒక్క వేకువ ప్రార్థన తప్పలేదు. ఈ ఏడు ఆయన మనవడికీ పరీక్షలే.

ఆయన కళ్లజోడు పెట్టుకుని పుస్తకం లాక్కున్నాడు. ఆ నాలుగు పేజీలూ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"శత్రువుల కోసం ప్రార్థించాలని పిల్లలకు నేనే ఎన్నోసార్లు పాఠం చెప్పాను," అన్నాడు చివరికి. "ఈవిడకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు."

బీరువా వైపు చూసి అడిగాడు. "ఇలా ఎన్నింటికి పూశారు?"

"పదిహేడు పుస్తకాలకు."

"చదివే పూశారా?"

"ఒక్క పేజీ చదవలేదండీ."

"ఆ ప్రశంసాపత్రం మీద సంతకం నాదే. నేనూ చదవలేదు."

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"హ్యోంజూ, కెటిల్ నింపమ్మా. సున్‌యే గారూ, మిగతా పదహారూ పట్రండి."