రెండో కార్డు

కాలిపోయిన మోటారు దుకాణానికొస్తే ముందు చేతులు కట్టుకుని చూడాలి. తొందరపడి మాడిన తీగంతా లాగేస్తే అంతే సంగతులు. ఎన్ని చుట్లు ఉండేవో, ఏ మందం తీగో, ఏ కొస ఎక్కడ కలిసేదో ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు. అందుకే విప్పే ముందు లెక్క రాసుకోవాలి. మేస్త్రి దుకాణంలో ఆ లెక్క రెండు అట్టకార్డుల మీద రాసేవారు. ఒకటి మోటారుకి కట్టేవారు, రెండోది రేకు డబ్బాలో దాచేవారు. కట్టిన కార్డు వార్నిష్‌లో మునుగుతుంది, వేడికి మాడుతుంది, ఎవడి జేబులోనో చిరుగుతుంది. డబ్బాలోది మాత్రం ఉంటుంది. దాని అడుగున ‘టెస్టు’ అని ఒక గీత. పనయ్యాక మోటారు తిప్పి చూసి ఆ గీత మీద మేస్త్రి తన చేత్తో రాసేవాడు: నడిచింది, లేకపోతే నడవలేదు. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి కుదురుగా రాయడం వచ్చినవి ఆ రెండు మాటలే. ఆ గీత మీద మాత్రం ఏనాడూ అబద్ధం రాయలేదు. నోటితో ఎన్నయినా అంటాడు, అది వేరే సంగతి.

మిగతా రాతంతా భార్యది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చుట్లు లెక్కపెట్టి అరుస్తుంటే, ఆవిడ బల్ల చివర స్టూలు మీద కూర్చుని రాసింది. మనిషి నోట్లో నాలుక లేనట్టే ఉండేది. అక్షరాలు మాత్రం ముత్యాలు.

కిడ్నీలు పాడై ఆవిడ మంచాన పడకముందు ఓ మూడు నెలలు, బేరాలు లేని మధ్యాహ్నాల్లో కూడా ఏదో రాస్తూ కనిపించింది.

“ఏంటా రాత? పద్దులేమైనా మారుస్తున్నావా?” అన్నాడు ఓరోజు.

“ఇంటి లెక్క రాస్తున్నా. విప్పే ముందు రాసుకోవాలని మీరేగా చెప్పేది.”

“ఎవర్ని విప్పుతారే?”

“నన్నే” అంది తలెత్తకుండా.

ఆయన పెద్దగా నవ్వి, ఎదురు దుకాణంలో తాళాలు బాగుచేసే ముసలాయనకి వినపడేలా ఆ మాట మళ్ళీ చెప్పాడు. తాళాలాయన నవ్వలేదు.

ఆవిడ పోయిన మూడో వారం మేస్త్రి ఆ డబ్బా తెరిచాడు. పాత బిస్కెట్ల డబ్బా. లోపల కార్డులన్నీ వరసగా, ఒక్కో కట్టకి తెల్లటి కాటన్ టేపు చుట్టి ఉన్నాయి. కరెంటు మీటరు నంబరు, ఇంటి కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో, బ్యాంకు పుస్తకం దేని కింద ఉందో, ఏ తాళం దేనిదో. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో కూడా రాసి పెట్టింది. చచ్చేముందు జనం దేవుణ్ణి తలుచుకుంటారు, ఈవిడ నీళ్ళ ట్యాంకుని తలుచుకుంది!

అడుగున మనుషుల కట్ట. అక్కకో కార్డు: “నా ఎర్ర శాలువా నువ్వే కప్పుకో, దాచకు.” మేడ మీద బట్టలు కుట్టే ఆవిడకో కార్డు: “ఆ వేసవంతా నువ్విచ్చిన మజ్జిగ మర్చిపోలేదు. రోజూ మెట్లు దిగి తెచ్చేదానివి.” ఏ వేసవో, ఏ మజ్జిగో మేస్త్రికి తెలియదు. తన ఇంట్లో ఇంత జరిగిందా అని కాస్త ఒళ్ళు మండింది. ఇంకాస్త కిందికి వెళితే ‘ఆయనకి’ అని ఒకటి దొరికింది. కళ్ళజోడు తుడుచుకుని వేలు పెట్టి చదివాడు.

“బీపీ మాత్ర పొద్దున ఒకటి, తిన్నాక. కళ్ళజోడు కనపడకపోతే నెత్తిమీద చూసుకోండి. వంటింటి కుళాయి ఎడమకి గట్టిగా తిప్పితే కారదు.”

వెనక్కి తిప్పాడు. ఖాళీ. దీపం కింద పెట్టి చూశాడు. అక్కడా ఏం లేదు.

“ముప్పై ఒక్క ఏళ్ళకి కుళాయిట్రా!” అన్నాడు మర్నాడు తాళాలాయనతో. “మజ్జిగ పోసిందానికి నాలుగు ముక్కలు. నాకు కుళాయి!”

“కారుతోందా మరి?”

“ఏది?”

“కుళాయి.”

“కారుతోంది.”

“మరింకేం, నీకు పనికొచ్చే మాటే రాసింది. చింత చచ్చినా పులుపు చావలేదు నీకు. నువ్వామెకి ఎన్ని రాశావేంటి?”

“నాకు రాతొచ్చేడిస్తేగా!”

“నోరుందిగా” అని తాళాలాయన ఆకురాయి పట్టుకుని పనిలో పడ్డాడు.

డబ్బాలో ఇంకొక్క కార్డు మిగిలింది. రెండు అట్టల మధ్య పెట్టి, చుట్టూ టేపు వేసి, టేపుకి వార్నిష్ కూడా పూసింది. పైన ‘అమ్మాయికి మాత్రమే’ అని ఉంది. తన మాట ఎక్కడో అక్కడ ఉండకపోదు, ఉంటే ఇందులోనే ఉంటుందని మేస్త్రికి నమ్మకం కుదిరింది. తండ్రికీ కూతురికీ మధ్య ‘మాత్రమే’ ఏంటి అని తీగలు కోసే కత్తి పెట్టి టేపు చీల్చేశాడు.

“అమ్మాయీ, నాన్నని తీసుకెళ్దాం అనుకుంటావు. నీ మనసు నాకు తెలుసు. వద్దమ్మా. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆయన ఉన్న గదిలో ఇంకొకరికి గాలాడదు. నా మెడలో కార్డు వేసిన మధ్యాహ్నం నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. రాత్రి కంచం ముందేసుకుని ఏడిచావు. ఆ ఏడుపు నీ ఇంటికి రానివ్వకు. ఆయనకి పని చేతనవును, వండుకోవడం నేర్చుకుంటారు. అమ్మ.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ స్టూలే అది.

మెడలో కార్డు సంగతి ఆయన మర్చిపోలేదు. ఎవరైనా కొత్తవాళ్ళొస్తే నవ్విస్తూ చెప్పే ముచ్చట అది. ఒకసారి ఆవిడ యాభైరెండు చుట్లని ఇరవైఐదు అని రాసింది. అలాగే చుట్టాడు, మోటారు పొగలు కక్కింది. కోపంలో ఆ తప్పు కార్డుకి తీగ కట్టి ఆవిడ మెడలో వేసి, “సాయంత్రం దాకా తీయకు, బుద్ధొస్తుంది” అన్నాడు. వచ్చిన బేరగాళ్ళందరూ చదివి నవ్వారు. ఆవిడ మెడలో కార్డుతోనే మిగతా కార్డులు రాసింది. ఆవిడ కూడా కాస్త నవ్వినట్టే ఆయనకి గుర్తు. అమ్మాయి గుమ్మంలో ఉన్న సంగతి మాత్రం ఆయనకి గుర్తే లేదు.

ఆ సాయంత్రమే కూతురు ఫోన్ చేసింది.

“తిన్నావా నాన్నా?”

“రొట్టె తిన్నా.”

“రోజూ రొట్టేనా? ఆదివారం వస్తున్నాను. మీ అల్లుడు వెనక గది ఖాళీ చేశాడు, కిటికీకి తెర కూడా వేశాం.”

పెళ్ళయిన ఏడాదే ఆ అల్లుణ్ణి పదిమంది ముందు ‘ఫ్యూజు మార్చడం రాని మగాడు’ అన్నాడు మేస్త్రి. వాడే తెర వేశాడట.

“అమ్మ డబ్బా చూశావా? నాకేమైనా ఉంటే తీసి ఉంచు” అంది కూతురు.

“చూస్తాలే.”

శనివారం పొద్దున్నే దుకాణం వెనక పెరట్లో మంట వేశాడు. మాడిన మోటార్ల లోపలి పాత వార్నిష్ పోవాలంటే వాటిని కాల్చాలి, వారానికోసారి ఉండే పనే. మూడు మోటారు చట్రాలు మంటలో పెట్టాక జేబులోంచి ఆ కార్డు తీశాడు. చేతిలో ఎంతసేపు ఉంచుకున్నాడో ఆయనకే తెలియదు. కార్డు పారేసిన పనివాణ్ణి ఒకణ్ణి ఇదే పెరట్లో చెంప పగలగొట్టి పంపేశాడు. లెక్క పోగొట్టినవాడు మేస్త్రి కాడని ఊరంతటికీ చెప్పే మనిషి.

‘చచ్చినదానికి ఇంటి గొడవెందుకు? బతికున్నవాడు ఎక్కడ బతకాలో చెప్పడానికి ఆవిడెవరు?’ అనుకున్నాడు. అలా అనుకుంటే ధైర్యం వచ్చింది. వదిలేశాడు. వార్నిష్ పూసిన టేపు కదా, భగ్గున మండింది. కళ్ళలోకి పొగ వెళ్ళింది, తుడుచుకున్నాడు. పొగకే.

ఆదివారం కూతురు పదింటి బస్సుకి దిగింది. సూట్‌కేసు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మేస్త్రి పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

“అబ్బో, సర్దేశావే! మాత్రలు పెట్టుకున్నావా?”

“అడుగున పెట్టా.”

ఇల్లంతా తిరిగి వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. “అమ్మ నాకేం రాయలేదా నాన్నా?”

“రాసింది. మీటరు నంబరు, తాళాలు, అన్నీ...”

“అవి కాదు. నాకంటూ.”

“లేదమ్మా.”

“బాగా చూశావా? అడుగున?”

“చూశా.”

“పెద్దమ్మకి రాసింది. మేడ మీదావిడకి రాసింది. నాకు రాయకుండా పోయిందంటావా?” ఆమె గొంతులో కోపం లేదు. చేతులు పట్టుకుని బతిమాలుతున్నట్టుంది. “ఒక్కసారి గుర్తు తెచ్చుకో నాన్నా. ఎక్కడైనా జారిందేమో. ఏమున్నా పర్లేదు, నేనేం అనుకోను. ఇవ్వు.”

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. ‘కాల్చేశానమ్మా’ అన్నా అయిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళుగా తన తప్పొకటి ఒప్పుకున్న పాపాన పోని నోరది. పాత దారే పట్టింది.

“లేదంటే లేదు! ఎన్నిసార్లడుగుతావ్? మీ అమ్మకి నీ మీద ఉన్న ప్రేమ అంతేనేమో, నన్నేం చెయ్యమంటావ్?”

కూతురు తల దించుకుంది. చేతి సంచీలోంచి ఒక అట్టకార్డు తీసి బల్ల మీద పెట్టింది.

అవే ముత్యాల్లాంటి అక్షరాలు. అవే మాటలు. అమ్మాయీ, నాన్నని తీసుకెళ్దాం అనుకుంటావు.

మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రెండు కార్డులు! తను పెట్టిన పద్ధతే, తను అరిచి నేర్పిన పద్ధతే. ఒకటి కడతాం, ఒకటి దాస్తాం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఏ ఒక్కటీ ఒంటి కార్డు రాయలేదు. అది తనకే గుర్తు రాలేదు.

“ఆస్పత్రిలో దిండు కింద నుంచి తీసిచ్చింది” అంది కూతురు. “దీని జత డబ్బాలో ఉందని చెప్పింది. కింద చదువు.”

కార్డు అడుగున గీత ఉంది. దాని పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంది: “డబ్బాలో కార్డు నాన్న చింపి చదువుతారు. చదివినా సరే, చింపినా సరే, తన చేత్తో నీకిస్తే నేను పైన రాసిందంతా కొట్టెయ్. సంతోషంగా తీసుకెళ్ళు. ఇవ్వకపోతే మాత్రం నా మాట విను.”

దాని కింద ‘టెస్టు’ అని రాసి, గీత ఖాళీగా వదిలేసింది.

“నాలుగుసార్లడిగాను నాన్నా” అంది కూతురు. ఏడుస్తోంది. “బస్సులో వస్తూ అన్ని దేవుళ్ళకీ మొక్కుకున్నా, ఇచ్చెయ్యాలని. గదికి తెర అబద్ధం కాదు.”

“అమ్మాయీ, నేనూ...”

“ఇంకేం చెప్పకు. అమ్మ మీద చెప్పావు చూడు ఆ మాట, నా మీద ప్రేమ లేదని. అది వినకుండా ఉంటే బాగుండేది.”

లేచింది. గుమ్మం దగ్గర ఆగి సూట్‌కేసు తీసి లోపల పెట్టింది, మళ్ళీ ఆయన మోయక్కర్లేకుండా. “మాత్ర తిన్నాక వేసుకో. నెలకోసారి వచ్చి చూస్తాను” అని వెళ్ళిపోయింది. వంటింట్లో కుళాయి కారుతోంది. వెళ్ళి ఎడమకి గట్టిగా తిప్పాడు. ఆగింది.

మధ్యాహ్నం దుకాణం తలుపు తీసి ఉండటం చూసి తాళాలాయన రోడ్డు దాటి వచ్చాడు.

“ఏంటి మేస్త్రీ, వెళ్ళలేదూ? ఇస్త్రీ చొక్కాతో పనేంటి?”

మేస్త్రి, భార్య స్టూలు మీద కూర్చుని, కూతురు వదిలి వెళ్ళిన కార్డు ముందు పెట్టుకుని పెన్సిలు పట్టుకున్నాడు. ఎప్పట్లాగే ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆ గీత మీద రాశాడు.

నడవలేదు.

రాసి, కార్డుని డబ్బాలో దాని చోట పెట్టి మూత వేశాడు.