ఎగువ గుంత

పొద్దున్నే లేచి వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లడం బాలమ్మకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. వాకిలి వాలుగా ఉంటుంది కాబట్టి ఎగువన మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ కిందికి దిగాలి. లేకపోతే బకెట్టుతో సహా జారిపడాల్సిందే. చల్లడం అయ్యాక కోళ్లను వదిలిపెడుతుంది. అవి తడి నేల మీద అటూ ఇటూ తిరిగి వాకిలంతా కాళ్ల గుర్తులు చేసి పెడతాయి. కుక్క వచ్చి తన వంతు అచ్చులు వేసిపోతుంది. బాలమ్మ ఎంత తిరిగినా ఒక్క అడుగు అచ్చూ పడదు.

ఆ ఇంట్లో ఎవరికీ అడుగులు పడవు. సామేలుకు పడవు. అతని తల్లి ఎల్లవ్వకు బతికినన్నాళ్లూ పడలేదు. బాలమ్మది ఎల్లంతకుంట దిక్కు, అక్కడ ఆమె తల్లిగారింట్లోనూ అంతే. తరతరాలుగా భూమి లేని ఇళ్లల్లో అది ఉండేదే. పెళ్లి మాటలప్పుడు రెండు దిక్కులవాళ్లూ ఆ సంగతి అడిగి తెలుసుకుని, చాయ తాగి, తేదీ ఖాయం చేసుకున్నారు.

ఊరికి అది పనికొచ్చింది కూడా. గింజలు చల్లిన నారుమడిలోకి దిగి పిట్టలను తోలాలంటే వీళ్లనే పిలిచేవాళ్లు. అప్పుడే అలికిన ఇంట్లో మరిచిపోయిన చెంబు తేవాలన్నా వీళ్లే. సామేలుకు కట్టడం పని దొరికింది ఆ గుణం వల్లే. పచ్చి కాంక్రీటు మీద నడిచి వెళ్లి అవతలి మూల సవరించి రాగల మనిషిని ఏ మేస్త్రీ వదులుకుంటాడు? కాకపోతే ఊళ్లో దొంగతనం జరిగి, అడుగుజాడ కనిపించకపోతే మాత్రం అందరూ నేరుగా వీళ్ల ఇంటికే వచ్చేవాళ్లు. అప్పుడు బాలమ్మకు నేలను చూస్తేనే మంట పుట్టేది. ఎంతసేపు నిలబడ్డా నన్నెరగనట్టు ఉంటావేమే అని దాన్ని తిట్టేది.

ఇప్పుడు సామేలు కంచెల పని చేస్తున్నాడు. జగిత్యాల, కోరుట్ల చుట్టూ ప్లాట్లు లేస్తున్నాయి. ప్లాటు పడిందంటే చుట్టూ ఇనుప పైపులు, వాటికి తీగల జాలి. పని అయ్యాక మిగిలిన జాలి ముక్కలను కాంట్రాక్టరును అడిగి తెచ్చి ఇంటి పక్కన చుట్టలు చుట్టి పెట్టేవాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి తుప్పుపట్టింది, ఒకటి కొత్త గిన్నెలా మెరిసేది. ఈ ఎండాకాలం వాటన్నిటినీ పరిచి చూస్తే తమ వాకిలికి సరిపోయేట్టు కనిపించాయి. బొంత కుట్టినట్టు కలిపి కడదామన్నాడు.

కంచె ముచ్చట కోసం కాదు. వాళ్ల జాగా గుట్ట వాలులో ఉంది. దానికి ఎగువన గంగారాం పటేలు పసుపు చేను. వాన గట్టిగా పడితే చేను నీళ్లన్నీ దొర్లుకుంటూ వచ్చి ఇంటి వెనక గోడను తాకుతాయి. పోయిన వానాకాలం ఆ గోడ సగం కూలింది. మట్టి తొక్కి మళ్లీ లేపుకున్నారు. ఎగువ హద్దు మీద పైపులు పాతి, జాలి అడుగున రాళ్లు పేర్చి గట్టి చేస్తే, నీళ్లు అక్కడే మళ్లి పక్కనున్న ఒర్రె కాలువలోకి పోతాయి. హద్దు వదిలి కిందికి జరిగితే మళ్లేంత చోటు ఉండదు. ఇంకో వానాకాలం ఆ గోడ నిలవదు. గోడ పోతే ఇల్లే పోతుంది. మబ్బు పట్టినప్పుడల్లా బాలమ్మ వెనక్కి పోయి ఆ గోడను తడిమి చూసుకుంటుంది.

వాలులో కంచె వేయడం చదును నేల మీద వేసినట్టు కాదు. నేల ఎంత వంగి ఉన్నా పైపు మాత్రం నిటారుగా నిలబడాలి. జాలిని చీరలా లాగి కడితే ముడతలు పడి వేలాడుతుంది, అందుకని మెట్లు మెట్లుగా దించాలి. సామేలు నిటారు చూసే తూకం గుండు వేలాడదీసి చూస్తుంటే బాలమ్మ హద్దు దారం పట్టుకుని నిలబడింది. కింది వైపు, పక్కల పైపుల గుంతలు కాంట్రాక్టరు ఇచ్చిన మిషనుతో తీశారు. అది గిర్రున తిరిగి మట్టిని పిండి చేసి పైకి పోసింది. ఎగువ గుంతలు మొదలుపెట్టేలోపే కాంట్రాక్టరు మిషను పట్టుకుపోయాడు. ఇక గడ్డపారే దిక్కయింది.

అప్పుడే గంగారాం పటేలు చేనులో నుంచి దిగివచ్చాడు. వెంట బర్రెలున్నాయి.

"సామేలూ, గీడిదాక ఎవల్నడిగి అచ్చినవ్?"

"హద్దు గిదే గద పటేలా. సర్కారోళ్లు మా అవ్వకు ఇంటిజాగ గీ బండ కాడి నుంచే ఇచ్చిన్రు."

"ఇచ్చుడు ఇచ్చిన్రు. ఎన్నడన్న తిరిగిన్రా గీడ? నాకైతే నా బర్ల డెక్కలే కనవడ్తున్నయి. మీ అడుగు ఒక్కటి సూపియ్యి, నేను మాట్లాడకుంట పోత."

గంగారాం చెడ్డవాడేం కాదు. ఎల్లవ్వ పోయిన రోజు తన ట్రాక్టరు ఇచ్చి, మట్టి వేసేదాకా నిలబడ్డాడు. కాని చేను హద్దు గెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన మనిషి మారిపోతాడు. సొంత బావమరిదితోనే జానెడు గెట్టు కోసం మాటలు మానుకున్నాడు.

సామేలు బండ చుట్టూ ఉన్న డెక్కల అచ్చులు చూశాడు. అటుగా పోతున్న దేవయ్య, సామేలు వాళ్ల వాడలో పెద్దమనిషి, మాటలు విని ఆగాడు. పటేలు అడిగింది న్యాయం కాదని ఆయనకూ తెలుసు. అయినా కండువా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

బాలమ్మ చేతిలో దారం వదిలేసింది. పెళ్లయిన కొత్తలో అత్తతో కలిసి కట్టెలకు పోయి వచ్చేటప్పుడు ఆ బండ దగ్గరే మోపు దించుకునేది. అక్కడే కూర్చుని అత్త ఆమెకు పేలు చూసేది. అదంతా లేదనిపించేట్టు నేల నోరు మూసుకుని పడి ఉంది. ఆమెకు పటేలు మీద కన్నా నేల మీదే ఎక్కువ కోపం వచ్చింది. గడ్డపార అందుకుని బండ పక్కన బలంకొద్దీ పొడిచింది.

ఎండకు బిగిసిన మట్టి పెళ్లలా లేచింది. ఇంకోసారి పొడిచి ఎత్తింది. మూడో పెళ్ల ఎత్తేసరికి దాని కింద అడుగు ఉంది.

మడమ, అరికాలు, అయిదు వేళ్లు. బొటనవేలి మీదికి పక్క వేలు ఎక్కి కూర్చుంది.

"గిది మా అవ్వ కాలే," అన్నాడు సామేలు. ఆ ఎక్కిన వేలి గుర్తు తాకి మళ్లీ అన్నాడు, "మా అవ్వదే."

దేవయ్య మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తుడిచాడు. ఎల్లవ్వ అడుగు పక్కనే సన్నని అడుగు ఇంకోటి బయటపడింది. ఎవరిదో ఎవరికీ అర్థం కాలేదు. బాలమ్మ గుంతలోకి దిగి, తన కాలు దాని మీద పెట్టింది. వేలికి వేలు సరిపోయింది. మడమ పగుళ్లు మాత్రమే ఇప్పటివి. ఇన్నేళ్ల బతుకులో తన అడుగు ఎలా ఉంటుందో ఆమె చూడడం అదే మొదలు. ఇంత చిన్న కాలా నాది, అనుకుంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఇన్నాళ్లూ తిట్టినందుకు నేలను ఒకసారి అరచేత్తో నిమిరింది.

"మనయి పైన పడలే బిడ్డా, లోపటికి దిగినయి," అన్నాడు దేవయ్య.

గంగారాం కాసేపు గుంతలోకి చూశాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "దిగితె దిగినయి. గట్లయితె ఏడ తవ్వినా ఎల్తయేమో. నా చేన్ల తవ్వు. గాడ గూడ ఉన్నయంటె గీ అడుగులకు లెక్కేంది?"

"తవ్వాల్నా పటేలా?" అన్నాడు సామేలు.

"తవ్వు."

పసుపు తీసేసి చేను ఖాళీగా ఉంది. గెట్టు దాటి, పటేలు కాలితో చూపించిన చోట సామేలు తవ్వాడు. పెళ్ల లేచింది. కింద అడుగులు ఉన్నాయి. ఒకటి రెండు కాదు, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉన్నాయి. దుంపలు నాటుతూ వంగిన కాళ్లకు వేళ్లే లోతుగా దిగాయి. బస్తా మోసిన కాళ్లకు మడమలు దిగాయి. సామేలు తండ్రి పోచయ్యది వంకర పాదం, అది ఉంది. చిన్నప్పుడు పటేలు బర్రెలు కాసిన సామేలు కాలు ఉంది. నిండు నెలలతో కలుపు తీసిన బాలమ్మ కాళ్లు మిగతావాటికన్నా లోతుకు పోయి ఉన్నాయి. ఆ పొర కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. అన్ని పొరల్లోనూ కాళ్లే.

గంగారాం వంగి గుంత అంచు పట్టుకుని పొర పొరా వెతికాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మా నాయినది ఏమన్న కనవడ్తున్నదా, దేవయ్యా?"

దేవయ్య చూశాడు. మర్యాద కోసం ఇంకోసారి చూశాడు. "మీ నాయిన అడుగులు పైన పడ్డయి పటేలా. పైన పడ్డయి వానలకు కొట్కపోతయి."

బర్రె ఒకటి తోకతో ఈగలు కొట్టుకుంది.

"ఇంకేడన్న తవ్వుదమా?" అన్నాడు సామేలు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

గంగారాం తన చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. దాని అవతల బావి, బావి అవతల తన ఇల్లు, ఇంటి ముందు గచ్చు. ఆ గచ్చు కింది మట్టి కూడా ఎవరు తొక్కారో ఆయనకు గుర్తొచ్చింది. "వద్దు. పూడ్చు," అన్నాడు. సామేలు మట్టి లాగుతుంటే మళ్లీ అన్నాడు, "నువ్వు పైపు ఏడ పాతాల్ననుకున్నవో గాడ్నే పాతుకో. బండ కాడ్నే. రేపు నేను అడ్డమచ్చినా ఇనకు."

సామేలు కాంక్రీటు కలిపి తట్టతో తెచ్చాడు గాని, ఎగువ గుంత దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అడుగున తల్లి కాలు ఉంది.

"పొయ్యి," అన్నది బాలమ్మ. "అత్త మోసిన బరువుల ముందట గీ పైపెంత?"

సామేలు తట్ట వంచాడు. ఆమె పైపును నిటారుగా పట్టుకుంది. గుండు కదలకుండా ఆగింది.

పని సగంలో బాలమ్మ తలెత్తి చూస్తే గంగారాం ఇంకా గెట్టు మీదే ఉన్నాడు. బర్రెలు ఎప్పుడో చేను దాటి ఇంటిదారి పట్టాయి. ఆయన చెప్పులు విడిచి చేత పట్టుకుని, ఒక కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక దించి, మళ్లీ ఎత్తుతున్నాడు. పుట్టినప్పటి నుంచి నడిచిన చేను. బాలమ్మకు ఆయన మీద జాలేసింది. ధైర్యం చెప్దామనే పిలిచింది.

"పెట్టుండ్రి పటేలా, ఏం గాదు. మీ అడుగు గంత లోతుకు పోదు."