మూత దగ్గరి గాలి

...మరి ఆ జోస్యుడు ఒక్కసారైనా లోపలికి ఎందుకు దిగడు? ఖతర్‌లోని ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి అల్ రయ్యాన్ వైపు పోతున్న కంపెనీ బస్సులో లింబాద్రి ఇదే తలపోస్తున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది. అందులోంచి మాట ఆగిపోయి చాలాసేపయింది.

నెల రోజులుగా అతడు ఫోన్‌లో ఒక చైనా కథ వింటున్నాడు, హిందీలో. కొండల కింద పాత రాజుల సమాధులు తవ్వి సొమ్ము ఎత్తుకొచ్చే ఎనిమిది కుటుంబాల కథ. అందరికీ కలిపి ఒకడే జోస్యుడు. తాబేలు చిప్పను నిప్పుల మీద కాల్చి, దాని మీద పడ్డ పగుళ్ళు చూసి అతను దిగమంటే దిగుతారు, వద్దంటే గొయ్యి పూడ్చి ఇంటికి పోతారు. అతను మాత్రం గట్టు మీద కూర్చుని పుచ్చగింజలు నములుతుంటాడు. ఇందాక విన్న భాగంలో ఒక ఇంటి ఆడపిల్ల, నడుముకు తాడు బిగించుకుంటూ అతన్ని అడిగింది: నువ్వు పగులు చూసి చెబుతున్నావా, నా మొహం చూసి చెబుతున్నావా? అక్కడితో ఆ భాగం అయిపోయింది. జవాబు తరువాతి భాగంలో ఉంటుంది. అది పెట్టడానికి లింబాద్రికి చెయ్యి రాలేదు.

అతని తాత బుడబుక్కలాయన. తెల్లారకముందే డమరుకం వాయిస్తూ వాకిలి వాకిలికీ తిరిగి నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. ఇల్లాలు పాత చీరో చొక్కానో తెచ్చి ఇచ్చేది. చెడ్డ మాట చెబితే పాత బట్ట రాదని తాత ఎన్నడూ అనలేదు. ఆయన వెనకే సంచి మోసిన లింబాద్రికి అది ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

క్యాంప్‌లో ఎవరో ఈ సంగతి బయటపెట్టినప్పుడు అందరూ నవ్వారు. ఆ తరువాత ఒక రోజు, అతనితో పనిచేసే సాయిబాబు మురుగు మ్యాన్‌హోల్‌లోకి దిగబోతూ, ఏమంటవన్నా అని ఊరికే అడిగాడు. ఏం కాదు పో, అన్నాడు లింబాద్రి. ఏమీ కాలేదు. మర్నాడు మళ్ళీ అడిగాడు. పదకొండేళ్ళ ఖతర్ బతుకులో లింబాద్రిని బతాకా అనే గుర్తింపు కార్డు తప్ప ఇంకేమీ అడిగినవాడు లేడు. తన నోటి మాట కోసం ఒక మనిషి కాలు ఎత్తి పట్టుకుని ఆగడం ఎంత తియ్యగా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

అతని డ్యూటీ మ్యాన్‌హోల్ పక్కన కాపలా. మూత తీశాక గాలి కొలిచే మీటర్‌ను తాడుతో అడుగు దాకా దించాలి, పైన, నడుమ, అడుగున అంకెలు చూసి కాగితం మీద రాయాలి. ఆ తరువాతే మనిషి దిగాలి. ఒకసారి అడుగున విషవాయువు తగిలి మీటర్ కూతపెట్టి సగం రోజు పని ఆగింది, అందరికీ తిట్లు పడ్డాయి. అప్పటి నుంచి లింబాద్రి మీటర్‌ను మూత దగ్గరే పట్టుకుంటున్నాడు. అక్కడి గాలి ఎప్పుడూ మంచిదే. మూడు గడుల్లోనూ అదే అంకె రాస్తున్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు. లింబన్న మాట ఉందిగా.

బస్సు ఆగింది. ఈ రోజు దిగాల్సిన మ్యాన్‌హోల్ తెరిచి నెలలైంది. మూత లేపితే ఏ వాసనా రాలేదు. వాసన లేకపోతే గాలి మంచిదని అనుకోవద్దని ట్రైనింగ్‌లో చెప్పిన సంగతి లింబాద్రికి గుర్తుంది. ఇన్నాళ్ళూ గుర్తుండే ఊరుకున్నాడు.

సాయిబాబు బెల్టు బిగించుకుంటూ ఊళ్ళో ఉన్న భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మమత గొంతు బయటికే వినబడుతోంది. ఊళ్ళో వాళ్ళకు ఖతరైనా దుబాయే.

"దుబాయ్ లింబన్న చెప్పిండా? ఆయన చెప్పినంకనే దిగు."

"చెప్తడు తియ్," అని ఫోన్ జేబులో వేసి సాయిబాబు నవ్వాడు. "విన్నవా అన్నా? నా పెండ్లానికి నా మీద లేని నమ్మకం నీ మీదున్నది. ఏమంటవ్ మరి?"

దూరం నుంచి ఫోర్‌మన్ హమీదుద్దీన్ యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. సాయిబాబు ఒక కాలు నిచ్చెన మెట్టు మీద పెట్టి, పైకి చూస్తూ ఆగాడు. ఆ మొహంలో భయం లేదు. లింబాద్రి ఆ మొహంలోకి చూశాడు. ఏం కాదు పో అన్న మాట నాలుక చివరే ఉంది. ఇన్నాళ్ళూ ఆ మాట తాను ఎక్కడ చదివి చెప్పాడో అతనికి ఇప్పుడు కనబడింది. ఇదే మొహంలో.

"నాకు తెల్వది, సాయీ."

"గట్లంటవేందే? పొద్దుగాల్నే నవ్వులాటనా?"

"నాకు ఎన్నడు తెల్వలే. కాలు తియ్యి."

సాయిబాబు నవ్వు సగంలో నిలిచిపోయింది. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు. హమీదుద్దీన్ ఏమైందని అరుస్తూ ఇటే వస్తున్నాడు. లింబాద్రి అటు చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మీటర్‌కు తాడు ముడి వేసి, ముడిని ఒకసారి గట్టిగా లాగి చూసి, మ్యాన్‌హోల్ అంచు దాటించి చీకట్లోకి జానెడు జానెడుగా దించసాగాడు.