పేరు నీది, డబ్బు మనది

గిన్నెల సబ్బు అయిపోయిందని మాత్రమే ఆమె అంది. దానికి మాస్టారు చెప్పిన సమాధానం పూర్తయ్యేసరికి అడుగంటిన గిన్నెలో పోసిన వేడినీళ్ళు చల్లారిపోయాయి. రోడ్డుకు అవతల ఉన్న పెద్దకొట్టు గుమ్మం ఇకమీదట ఈ ఇంటి మనుషులెవరూ తొక్కకూడదట. ఆ కొట్టు కంపెనీ ఇక్కడే అమ్ముతుంది, మన రోడ్ల మీదే లారీలు తిప్పుతుంది, మన బడుల్లో చదువుకున్న పిల్లల చేతే పని చేయించుకుంటుంది, తీరా పన్ను కట్టాల్సి వచ్చేసరికి లాభాన్నంతా సముద్రం మధ్య ఏదో దీవికి తోలేస్తుంది. అక్కడ మనం కొనే ప్రతి సబ్బుబిళ్ళతోనూ ఆ పాపంలో మనకూ వాటా వస్తుంది. కాబట్టి బహిష్కరణ. ఆ మాట అనడానికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు కూడా. ఆమె సింకు ముందు అప్పటికే నిలబడి ఉంది కాబట్టి కొత్తగా లేవాల్సిన పని పడలేదు.

మాస్టారు కాలేజీలో కామర్స్ చెబుతారు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. కన్నతల్లి కూడా నలుగురిలో ఉన్నప్పుడు "మా మాస్టారు" అనే అంటుంది. పెళ్ళయిన కొత్తలో అది విని ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

బహిష్కరణ అనేది ఎంత బరువుంటుందో మాస్టారికి తెలియదు, ఎందుకంటే ఆయన దాన్ని మొయ్యలేదు. ఇదివరకు రోడ్డు దాటితే అన్నీ ఒక్కచోట దొరికేవి. ఇప్పుడు సబ్బుకు ఒక సందు, కూరగాయలకు రైలు వంతెన అవతలి బజారు, అత్తగారికి రాత్రిపూట వేసే డైపర్లకు ఆసుపత్రి పక్కనున్న మందుల షాపు. అన్నీ రెండు చేతులకీ తగిలించుకుని, ఎప్పుడూ పనిచెయ్యని లిఫ్టును ఒకసారి తిట్టుకుని, మెట్లెక్కి ఇంటికి చేరేసరికి వేళ్ళ మీద సంచీ పిడి వాతలు తేలేవి. సందులో దొరికే సబ్బు చవకది, దానికి చర్మం పగిలింది. ఇంతలో ఎవరో పత్రికవాళ్ళు వచ్చి, గుడ్డసంచీ భుజానికి తగిలించుకున్న మాస్టారిని ఫోటో తీసుకుపోయారు. ఆ సంచీ ఆమె పాత లంగా చింపి కుట్టింది. అందులో బరువున్నట్టు కనిపించాలని రెండు ఉల్లిపాయలు కూడా ఆమే వేసింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

అత్తగారికి మాత్రం పెద్దకొట్టులో అమ్మే మెత్తని బిస్కెట్లే కావాలి. పళ్ళు లేని నోట్లో అవే కరుగుతాయి. "వాడికి చెప్పకే అమ్మాయ్," అని చెవిలో చెప్పి కొంగు ముడిలోంచి చిల్లర తీసిచ్చేది. ఆమె దొంగలా వెళ్ళి దొంగలా తెచ్చి, పప్పు డబ్బాలో దాచేది. కొడుకు సిద్ధాంతాన్నీ తల్లి చిగుళ్ళనీ ఒకే ఇంట్లో కాపాడే పని కూడా కోడలికే పడింది.

ఇంతా చేసి ఆ కంపెనీ చేసేది అన్యాయమని ఆమెకూ గట్టి నమ్మకమే. మునిసిపల్ ఆసుపత్రిలో సూదులు బయట కొనుక్కురమ్మన్నప్పుడు ఆ పన్నుల డబ్బు గుర్తొచ్చి ఆమె ఒళ్ళు మండేది. ఆమెకు చేదనిపించింది బహిష్కరణ చెయ్యడం కాదు. ఆ మాట వినగానే ఇంకో మాట గుర్తుకొచ్చేది, దానికి దగ్గరి చుట్టమే, నెలనెలా ఆడదాన్ని మూలన కూర్చోబెట్టే మాట. బయట పెట్టడం ఎలా ఉంటుందో మగవాళ్ళు ఇప్పుడు కొత్తగా కనిపెట్టి చప్పట్లు కొట్టించుకుంటున్నారని ఆమెకు ఉక్రోషం.

ఆ రోజుల్లోనే సిటీ బస్సుల వాళ్ళు ఆడవాళ్ళకు డ్రైవింగ్ శిక్షణ ఇస్తామని ప్రకటించారు. శిక్షణ అయ్యాక ఉద్యోగం. సొంత ఆదాయం లేని ఆడవాళ్ళకు ఫీజు లేదు. ఆమె ఆ ప్రకటనను బస్టాపులో చదివి, ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతూ, ఎడమ కాలితో లేని క్లచ్చు తొక్కింది. పెళ్ళికి ముందు నాన్న పాలవ్యాను ఆమే నడిపేది. చీకటితోనే లేచి, కిటికీ దించి, నిద్రపోతున్న వీధుల్లో వ్యాను మలుపు తిప్పుతున్నప్పుడు చేతుల కింద బండి మాట వినడం ఆమె ఒంటికి ఇంకా గుర్తుంది. ఇన్నేళ్ళలో ఆమె మాట విన్న పెద్ద వస్తువు అదొక్కటే.

శిక్షణ ఆఫీసులో క్లర్కు ఆమె వివరాలు కంప్యూటర్లో కొట్టి చూశాడు. మంచి మనిషే, విసుక్కోలేదు. ఆమెకు సొంత ఆదాయం ఉందని, ఉచిత సీటు రాదని, ఫీజు కడితే చేర్చుకుంటామని, గడువు నెలాఖరేనని చెప్పాడు. తనకు ఆదాయమేమీ లేదని ఆమె అంది. అతను తెర ఇటు తిప్పి చూపించాడు. ట్యూషన్ సెంటర్ యజమానురాలు. కింద ఆమె పేరు.

"ఆదాయం మీదేనమ్మా," అన్నాడు.

వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ, ఉన్నవాళ్ళు కూడా లేనివాళ్ళ సీట్లకు ఎగబడాలా అని గొణిగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి ఆవిడకు ఏదో చెప్పాలనుకుంది గానీ, ఏం చెబుతుంది? పగిలిన చేతులు చూపిస్తుందా?

ఆ ట్యూషన్ సెంటర్ వాళ్ళింటి హాలే. సాయంత్రాలు అక్కడ మాస్టారు పాఠం చెబుతారు. అది మొదలుపెట్టిన కొత్తలో ఆయన కాగితాలు తెచ్చి, ఇది నీ పేరున పెడుతున్నాను, యజమానురాలివి నువ్వే అంటే, ఆమె వెర్రిమొహం వేసుకుని సంబరపడింది కూడా. అప్పటినుంచి యజమానురాలు రోజూ కుర్చీలు వేస్తుంది, కుర్చీలు తీస్తుంది, బోర్డు తుడుస్తుంది, కూజా నింపుతుంది, ఫీజు ఆలస్యమైన తల్లిదండ్రులకు ఫోన్ చేసి మాట పడుతుంది. ఫీజులు వెళ్ళే బ్యాంకు ఖాతా ఆమె పేరున ఉంది. దాని కార్డు మాస్టారి పర్సులో ఉంది. దాని మెసేజీలు మాస్టారి ఫోనుకు వస్తాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అడిగింది. మాస్టారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆయన ఫస్టియర్ పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. ఒక్కరి పేరున ఉంటే పన్ను ఎక్కువ పడుతుంది, ఇద్దరి పేర్లకీ పంచితే తగ్గుతుంది, అందరూ చేసేదే, చట్టానికి విరుద్ధం కాదు. అయితే ఫీజు ఆ ఖాతాలోంచే కట్టుకుంటానని ఆమె అంది. ఆయన నవ్వారు.

"పిచ్చిదానా, పేరు నీది, డబ్బు మనది."

ఆ 'మన' అనే మాట గురించి ఆమె కంచాలు కడుగుతూ చాలాసేపు ఆలోచించింది. ఎంత తియ్యటి మాట! ఎవరినీ బయట పెట్టదు. మన అమ్మకు మందులిచ్చావా అంటే ఇవ్వాల్సింది ఆమె. మన బట్టలు తడిసిపోతున్నాయంటే పరుగెత్తాల్సింది ఆమె. మన ఇంటికి ఎవరో వస్తున్నారంటే వండాల్సింది ఆమె. పని వచ్చినప్పుడల్లా మన అంటే ఆమె, డబ్బు వచ్చినప్పుడల్లా మన అంటే ఆయన. ఒక్క మాటలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంత చక్కగా కాపురం చేస్తారని వ్యాకరణం రాసినవాళ్ళకు తెలుసో లేదో. లోపలి గదిలోంచి అత్తగారు అన్నీ వింటూనే ఉంది. "బస్సు నువ్వు నడిపితే ఇల్లెవరు నడుపుతారే?" అంది. ఇల్లు నడుపుతున్నది కోడలేనని అత్తగారి నోట రావడం అదే మొదలు. ఆ పొగడ్త కూడా కాళ్ళకు సంకెలలాగే వచ్చింది.

ఆదివారం బహిష్కరణ సంఘం వాళ్ళు హాల్లో సమావేశమయ్యారు. కుర్చీలు యజమానురాలే వేసింది. ఆ పై వారం పెద్దకొట్టు ముందు నిలబడి కరపత్రాలు పంచాలని వాళ్ళ ఆలోచన, జనం అడిగితే ఏం చెప్పాలో మాస్టారు వివరిస్తున్నారు. ఆమె టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన బోర్డు మీద సున్నా చుట్టి, చుట్టూ అలలు కూడా గీశారు.

"ఇదీ ఆ దీవి. అక్కడ కొట్టు లేదు, గోదాము లేదు. ఒక పేరుపలక ఉంది, అంతే. కంపెనీ పేరు మీద హక్కంతా ఆ పేరుపలకదే. ఇక్కడ సంపాదించిందంతా, మీ పేరు వాడుకున్నందుకు ఇదిగో అద్దె అని చెప్పి అక్కడికి పంపిస్తారు. ఆ దీవి దేన్నీ నిర్ణయించదు. సంతకం పెట్టమన్నచోట పెడుతుంది. తేలిగ్గా చెప్పాలంటే, పేరు దీవిది, డబ్బు కంపెనీది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తనవైపు చూస్తారేమోనని ఆమె చూసింది. ఆయన సుద్దపొడి అంటిన చేతులు దులుపుకుంటున్నారు. దాచడానికి కూడా ఆయనకు ఏమీ కనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. తెలిసి మోసం చేస్తే తను కనీసం ఎదురుగా ఒక మనిషినని గుర్తించినట్టయ్యేది.

ఇదంతా చట్టానికి విరుద్ధమేనా అని ఎవరో అడిగారు. చట్టానికి కాదు, న్యాయానికి విరుద్ధం అన్నారు మాస్టారు గంభీరంగా. ఆ తేడా, అన్నం ముందు కూర్చుని చట్టానికి విరుద్ధం కాదని చెప్పిన రోజు ఆయనకు గుర్తు రాలేదు కాబోలు.

అప్పుడు రిటైరైన నర్సుగారు చెయ్యెత్తారు. సంఘంలో ఆవిడే పెద్ద.

"నాకో సందేహం మాస్టారూ. ఆ దీవి ఏదో ఒక రోజు, కాగితం మీద డబ్బు నాదే కదా, నేనే ఉంచుకుంటానంటే?"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు.

"అప్పుడు కంపెనీ ఏం చేస్తుందండీ? తేలు కుట్టిన దొంగ అరవగలడా? ఆ డబ్బు నాదని నోరు తెరిచాడంటే ఇన్నాళ్ళూ ఎగ్గొట్టిందంతా ఒప్పుకున్నట్టే. కానీ దీవి నోరెత్తదమ్మా. నోరెత్తదనేగా దీవిని ఎంచుకునేది."

ఆమె అందరికీ టీలు అందించింది. బోర్డు మీద సున్నాను సమావేశం అయ్యాక తుడవాలి. ఆ రోజు తుడవలేదు. మర్నాడు పిల్లలు వచ్చే వేళకు కూడా అది అక్కడే ఉంది.

బ్యాంకులో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఆమె గుర్తింపు కార్డు చూసి, సంతకం సరిపోల్చింది. పాత కార్డు ఆపేసి కొత్తది ఇవ్వాలని, మెసేజీలు వచ్చే ఫోను నంబరు మార్చాలని ఆమె అంది. మావారి అనుమతి కాగితం ఏదైనా తేవాలా అని కూడా అడిగింది, అడిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎందుకు? ఖాతా మీదేనమ్మా," అంది ఆ అమ్మాయి.

అదే మాట. మొన్న సీటు లాగేసుకున్న మాట, ఇవాళ కౌంటరు కింది కంతలోంచి కొత్త కార్డు తోసింది. ఆమె ఆ ఖాతాలోంచి శిక్షణ ఫీజు మాత్రం కట్టింది. మిగతాది ఉన్నచోటే ఉంచింది. ఎంత ఉందో చూసి కొంచెంసేపు బల్లమీద కూర్చుంది, ఎందుకంటే చవక సబ్బుతో చేతులు పగలగొట్టుకున్న ఏడాది ఆమెకు గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు ఎండ మాడ్చేస్తోంది. పెద్దకొట్టు అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుని చల్లగాలి రోడ్డు మీదికి కొడుతోంది. ఆమె లోపలికి వెళ్ళలేదు. ఆ కంపెనీ మీద ఆమెకు జాలేమీ పుట్టలేదు. సందులోకి వెళ్ళి సబ్బు కొంది, ఈసారి కాస్త మంచిది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. హాలు నిండుగా ఉంది. ప్రింటింగ్ షాపు మనిషి బ్యానరు తెచ్చి డబ్బు కోసం నిలబడ్డాడు. ఆమె కప్పుల్లో టీ పోస్తుండగా మాస్టారు పర్సు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. కార్డు పనిచెయ్యడం లేదన్నారు. బ్యాంకు నుంచి వారంగా మెసేజీలు కూడా రావడం లేదన్నారు.

"నాకు వస్తున్నాయి," అంది ఆమె.

ఆయన ముఖంలోకి అర్థం మెట్టుమెట్టుగా ఎక్కడం ఆమె చూసింది. తొందరపడలేదు. ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, ఏం చేశావన్నారు.

"శిక్షణ ఫీజు కట్టాను. సోమవారం నుంచి పొద్దుటిపూట క్లాసులు. అత్తయ్యకు మందులు మీరే ఇవ్వాలి. బిస్కెట్లు పప్పు డబ్బాలో ఉన్నాయి."

"ఎవర్నడిగి తీశావు?" పళ్ళ మధ్యనుంచి అన్నారు. "అది నా డబ్బు."

ఇన్నేళ్ళ కాపురంలో 'మన' జారి కింద పడటం ఆమె వినడం అదే మొదటిసారి. గోడ అవతల నర్సుగారు ఏదో అంటున్నారు, అందరూ నవ్వుతున్నారు. ఆమె టీ పళ్ళెం తీసి ఆయన రెండు చేతుల్లో పెట్టి, తలుపు బార్లా తెరిచింది.

"చక్కెర లేనిది నర్సుగారిది. వెళ్ళండి, ఇప్పుడన్న మాట అక్కడ గట్టిగా అనండి."